వెయ్యి ఇటుకల ఊపిరి

గొయ్యి మధ్యలో ఒక మేకు. మేకుకు ఇనపతీగ. తీగ కొసన ముడి. ఇంతకు మించి కొలతబద్దలేమీ లేకుండానే మేస్త్రీ అర్ధగోళం కడుతున్నాడు.

ఇటుకకి మాలు రాసి, సన్నటి అంచు మీద నిలబెట్టి, తీగ లాగి, ముడి ఇటుక ముఖానికి ఆనిందో లేదో చూసుకుని తాపీ పిడితో రెండు దెబ్బలు వేస్తాడు. కింది వరసలప్పుడు ఇది మామూలు గోడలాగే ఉంది. నడుము ఎత్తు దాటాక వరసలు లోపలికి వాలడం మొదలెట్టాయి. ఇక అక్కణ్ణించి ప్రతి ఇటుకా జారిపోవడానికే చూస్తుంది. దానికి మేస్త్రీ దగ్గర ఉన్న మందు ఒక్కటే: ఎస్ ఆకారంలో వంచిన ఇనప కొక్కెం. కొక్కెం ఒక కొస కొత్త ఇటుక మీద, రెండో కొసకి తాడు, తాడుకి గోడ వెనక వేలాడే ఇంకో ఇటుక. ఆ బరువు ఈ ఇటుకను వెనక్కి పట్టుకుని ఉంటుంది. అలా నాలుగైదు కొక్కేలు ఒకదాని తరవాత ఒకటి ముందుకు జరుగుతూ పోతాయి. కింద చెక్కలు లేవు, సెంట్రింగు లేదు.

"పడిపోవా మేస్త్రీ గారూ?" అన్నాను గట్టు మీద నించి.

"వరస కలిసేదాకా భయమేనండి. కలిసిందంటే మీరు దిగి తన్నినా కదలదండి, ఆయ్" అన్నాడు తల ఎత్తకుండానే.

భీమడోలు దాటి కొల్లేటి వైపు దిగిన ఒక ఊళ్ళో, మే నెల ఎండలో చూసిన పని ఇది. కడుతున్నది గోబర్ గ్యాస్ ప్లాంటు. దీనబంధు అనే నమూనా. పూర్తయితే దాని మీద మట్టి కప్పేస్తారు. ఆ పనితనం మళ్ళీ ఎవరి కంటా పడదు. గుళ్ళో శిల్పానికి చూసేవాడుంటాడు, ఇంటి గుమ్మానికి మెచ్చుకునే చుట్టముంటాడు. పేడనీళ్ళు దాచే గోళానికి ఎవరుంటారు? అందుకే దీన్ని పూసగుచ్చినట్టు చెప్పాలనిపించింది.

ముందు లోపల జరిగే సంగతి. కొల్లేటి మడుగుల్లో పడవ గెడ అడుగు బురదలో గుచ్చితే బుడగలు పైకి వస్తాయి. కుళ్ళిన నాచు, గుర్రపుడెక్క గాలి తగలని చోట మగ్గితే పుట్టే గ్యాసది. చిత్తడి నేలల్లో రాత్రిళ్ళు కనబడే కొరివిదెయ్యాలకి ఇదే కారణమని కొందరు శాస్త్రజ్ఞుల మాట. 1776లో ఇటలీలో అలెస్సాండ్రో వోల్టా, తరవాత కరెంటు బ్యాటరీ కనిపెట్టిన ఆ వోల్టాయే, మజ్జోరే సరస్సు ఒడ్డున బురదని కర్రతో కెలికి, పైకొచ్చిన బుడగల్ని సీసాలో పట్టి వెలిగించి చూశాడు. దాన్నే ఇవాళ మీథేన్ అంటున్నాం. మన గెడవాళ్ళు రోజూ కెలుకుతూనే ఉన్నారు, సీసా పట్టలేదంతే.

ఆ గ్యాసుని తయారుచేసే సూక్ష్మజీవులు ఎంత వింతవంటే, 1977లో కార్ల్ వోస్, జార్జి ఫాక్స్ వాటిని పరీక్షించి, ఇవి మామూలు బ్యాక్టీరియా కావు, జీవకోటిలో వేరే శాఖ అని తేల్చారు. వాటికి ప్రాణవాయువు సోకితే చావే. ఆవు, గేదె కడుపుల్లో ఇవే ఉంటాయి. కాబట్టి పేడతో పాటు పనివాళ్ళు కూడా ఉచితంగానే వస్తారు. అయినా కొత్త ప్లాంటు మొదలెట్టేటప్పుడు పక్క ఊళ్ళో నడుస్తున్న ప్లాంటు నించి రెండు బిందెల స్లర్రీ, అంటే మగ్గిన పేడనీళ్ళు, తెచ్చి పోస్తారు. పాలల్లో తోడు వేసినట్టే. తోడు మంచిదైతే పెరుగు గట్టిగా తోడుకున్నట్టు, గ్యాసూ తొందరగా అందుకుంటుంది.

లోపల పని ఒక్క చేతి మీద జరగదు. ముందొక జట్టు పేడలోని పీచునీ పిండినీ విరగ్గొడుతుంది. రెండో జట్టు వాటిని పులిపించి ఆమ్లాలుగా మారుస్తుంది. మూడోది ఆ ఆమ్లాల్ని ఇంకా చిన్నవి చేస్తుంది. చివరి జట్టు వాటిని తిని మీథేన్ వదులుతుంది. ముందు జట్లకి చురుకెక్కువ, చివరి జట్టుకి నిదానం ఎక్కువ. ఆశపడి ఒకేసారి ఎక్కువ మేత వేస్తే ముందువాళ్ళు గబగబా పులిపించేస్తారు, చివరివాళ్ళు అందుకోలేరు, తొట్టంతా పుల్లబడిపోతుంది. దోసెల పిండి మర్నాటికి మిగిలితే ఏమవుతుందో తెలిసిన ఇల్లాలికి ఇది వేరే చెప్పక్కర్లేదు.

వచ్చే గ్యాసులో మీథేన్ 55 నించి 65 శాతం. మిగతాది చాలావరకు బొగ్గుపులుసు వాయువు, కాస్త తేమ, కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు కొద్దిగా. కిలో పచ్చి పేడకి 40 లీటర్ల గ్యాసు లెక్క. 25 కిలోలకి ఒక ఘనపు మీటరు. రెండు ఘనపు మీటర్ల ప్లాంటు ఐదారుగురి వంటకి సరిపోతుంది. దానికి రోజుకు 50 కిలోల పేడ, అన్నే నీళ్ళు. అంటే నాలుగైదు పశువులు దొడ్లో ఉండాలి. ఒక ఘనపు మీటరు గ్యాసు 0.43 కిలోల సిలిండరు గ్యాసుకి సమానమని ప్రభుత్వ పుస్తకాల లెక్క. ఆ లెక్కన ఏడాదికి 22 సిలిండర్లు. ఇది కాగితం మీద. దొడ్లో లెక్క మేస్త్రీని బట్టీ, పోసే చేతిని బట్టీ ఉంటుంది.

నా చిన్నప్పుడు ఆకివీడు దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ పెరట్లో వేరే రకం ఉండేది. బావిలాంటి గుండ్రటి తొట్టి, దాని మీద బోర్లించిన ఇనప డ్రమ్ము. 1950లలో జశ్‌భాయ్ పటేల్ చేసిన నమూనా నించి వచ్చింది. తరవాత ఖాదీ కమిషన్ దేశమంతా కట్టించింది. గ్యాసు పుట్టే కొద్దీ డ్రమ్ము పైకి లేస్తుంది, వాడే కొద్దీ దిగుతుంది. అమ్మమ్మ పొద్దున్నే పెరట్లోకి వచ్చి డ్రమ్ము ఎంత లేచిందో చూసి, ఆ పూట పప్పు పెట్టాలో పెరుగుతో సరిపెట్టాలో తేల్చేది. డ్రమ్ము బరువే గ్యాసుని తోస్తుంది కాబట్టి మంట మొదట్నించి చివరిదాకా ఒక్కలాగే ఉండేది. డ్రమ్ముని అటూ ఇటూ తిప్పితే లోపల అతికించిన కడ్డీలు తెట్టుని విరగ్గొట్టేవి. అది తిప్పే పని పిల్లలది. మాకది గానుగాట.

తెలివైన యంత్రమే, ఒప్పుకుంటాను. కానీ ఉప్పుటేరు పక్క ఊళ్ళలో ఇనుముకి ఆయుష్షు తక్కువ. పైన ఉప్పుగాలి, లోపల హైడ్రోజన్ సల్ఫైడు. ఏటా నల్లరంగు వెయ్యాలి. వేసినన్నాళ్ళు బాగానే ఉంది. మావయ్య రెండేళ్ళు మరిచిపోయాడు. మూడో ఏడు డ్రమ్ము అంచున పేరుకున్న తుప్పుకి చిల్లు పడి, డ్రమ్ము లేవడం మానేసింది. తరవాత చాలాకాలం అది బోర్లా పడి కోళ్ళగూడుగా ఉంది.

ఇనుము లేకుండా గ్యాసు పట్టడం ఎలా అన్న ప్రశ్నకి జవాబుగా ఇటుక గోళాలు వచ్చాయి. 1978లో ఉత్తరప్రదేశ్‌లో చైనా పద్ధతిని చూసి జనతా నమూనా చేశారు. 1984లో ఢిల్లీలోని ఆఫ్‌ప్రో అనే స్వచ్ఛంద సంస్థ దీనబంధు తెచ్చింది. 1981-82లో మొదలైన జాతీయ పథకం కింద ఈ మూడు రకాలూ మన గోదావరి జిల్లాల దాకా వచ్చాయి. దీనబంధు ఖర్చు జనతా కంటే సుమారు 30 శాతం తక్కువని అప్పట్లో లెక్కవేశారు. రహస్యం జ్యామితిలో ఉంది. ఎంత ఘనపరిమాణానికైనా గోళానికి పట్టే ఉపరితలం అన్నిటికన్నా తక్కువ. అందుకని తొట్టినీ గ్యాసు గదినీ వేరు చెయ్యకుండా, అడుగున పళ్ళెంలాంటి పునాది, దాని మీద అర్ధగోళం, మొత్తం ఒకే కడుపుగా మార్చారు. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకి వెయ్యి ఇటుకలు చాలు. వ్యాసం రెండున్నర మీటర్లకి కాస్త పైన. నలభై రోజుల మేత అందులో పడుతుంది. ఉత్తరాది చలి ప్రాంతాల్లో 55 రోజుల మేతకి కడతారు. మన ఎండలు ఇక్కడ మాత్రం మనకి చుట్టాలే.

ఏలూరు జిల్లాకి గుండ్రటి కప్పు కొత్త కాదు. కామవరపుకోట దగ్గర గుంటుపల్లిలో రెండువేల ఏళ్ళకి పూర్వమే కొండని తొలిచి, గుండ్రటి చైత్యం చేసి, దాని కప్పుకి కర్ర వాసాల్లాంటి పక్కటెముకలు చెక్కారు. ఆ కొండ మీదే ఇటుక స్తూపాలూ ఉన్నాయి. స్తూపం లోపల నిండుగా ఉంటుంది. పడిపోతుందన్న భయం లేదు. ఈ మేస్త్రీ కడుతున్నది డొల్ల స్తూపం. ఇటుక మందం మూడంగుళాలు. దీన్ని గుంటుపల్లితో పోల్చడం అతిశయోక్తే గానీ, నాకు అక్కడ నిలబడితే అదే గుర్తొచ్చింది.

మూడంగుళాల ఇటుక గ్యాసు ఒత్తిడికి ఎలా ఆగుతుంది? ఈ పని మొత్తానికి నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇదే. ఇటుక నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది; లాగితే ఓర్చుకోదు. గోళం లోపల గ్యాసు పేరుకుంటే అది ఇటుకల్ని బయటికి తోస్తుంది, అంటే వరసల్ని విడదీస్తుంది. దీనబంధులో గ్యాసు నిండుగా ఉన్నప్పుడు ఒత్తిడి 90 సెంటీమీటర్ల నీటి ఎత్తు దాకా వెళ్ళగలదు. అంటే ప్రతి చదరపు మీటరు మీదా లోపల్నించి 900 కిలోల తోపుడు. దానికి విరుగుడు సిమెంటు కాదు, మట్టి. గోళం మీద మూరెడు పైన మట్టి దిమ్మెసతో గట్టిపరిస్తే, కిందికి నొక్కే బరువు దాదాపు అంతే అవుతుంది. తోసేదానికి నొక్కేది సరి. ఇటుక ఎప్పుడూ నొక్కుడులోనే ఉంటుంది, తనకిష్టమైన స్థితిలో. మట్టి కప్పడం దాచడానికని అనుకున్నాను. కాదు. ఆ మట్టి గోళంలో భాగం. అది తెలియని ఇంటివాళ్ళు అందం కోసమో పూలమొక్కల కోసమో మట్టి తవ్వేస్తే ఆ ఏడాదే గోళానికి వెంట్రుకవాసి బీట పడుతుంది.

బీట సంగతి ఎందుకంత ముఖ్యమంటే, ఇల్లు కారితే చూరు కింద బిందె పెట్టుకోవచ్చు. గ్యాసు కారితే కనపడదు. మామూలు ఇటుకగోడ నీటినే పూర్తిగా ఆపలేదు. దీనికి గాలినే ఆపాలి. అందుకు లోపలి పూత. గోళం ముగిసి, నెత్తిన ఇనప గొట్టం కాంక్రీటులో బిగించి, బాగా తడిపిన తరవాత మేస్త్రీ బయటికెళ్ళే దారిగుండా లోపలికి దూరతాడు. బల్బు వెలుతురులో, మెడ వెనక్కి వాల్చి, నెత్తి మీది గిన్నె లోపలి భాగానికి పూత పూస్తాడు. ఒకటికి మూడు పాళ్ళ మాలుతో ఒక పూత. అది బిగిసే లోపల ఒట్టి సిమెంటు పాలు. మళ్ళీ ఇంకో పూత. మూలలు ఉండకూడదు, అతుకులు ఉండకూడదు. నిన్నటి పనికీ ఇవాళ్టి పనికీ మధ్య గీత మిగలకూడదు. అందుకని గ్యాసు గది పూత మొదలెడితే ఆ రోజే ముగించాలి. భోజనం కూడా అక్కడే, ఆ గొయ్యిలోనే. చివర రెండు చేతులు నల్లటి పెయింటు.

"ఇల్లు ప్లాస్టింగు చేస్తే అరచేత్తో రాసి చూస్తామండి, నున్నగా ఉందా లేదా అని. దీన్ని చెవితో చూడాలండి" అన్నాడు మేస్త్రీ. గోళాన్ని తాపీ పిడితో కొడుతూ వెళ్తే, ఎక్కడ మోత బోలుగా వస్తే అక్కడ పూత పట్టలేదని గుర్తు. నేను కొట్టి చూశాను. నాకు అంతా ఒకలాగే వినపడింది.

కొల్లేటి వైపు ఈ పని ఇంకో మెలిక తిరుగుతుంది. ఇక్కడ భూమి నల్ల రేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. వర్షాకాలంలో రెండడుగులు తవ్వితే నీరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు పొంగితే వచ్చే నీళ్ళన్నీ చేరేది ఇక్కడికే. నీటి మట్టం గోళం చుట్టూ పైకొస్తే ఖాళీ గోళం పడవైపోతుంది. అడుగు నించి లేచిపోవడమో, పళ్ళెం పగలడమో జరుగుతుంది. అందుకే ఈ ప్రాంతపు మేస్త్రీలు పెద్ద ఎండల్లో తప్ప గొయ్యి తవ్వరు. గొయ్యి లోతు తగ్గించి, మిగతాది నేల పైకి లేపి, చుట్టూ మట్టికట్ట పోస్తారు. పూత ఆరి నీళ్ళు పట్టడం పూర్తవగానే తొట్టి నింపేస్తారు. ఒకసారి నింపాక వానాకాలంలో ఖాళీ చెయ్యనివ్వరు. ఇది పుస్తకంలో ఉన్న సూచనే. కానీ రేగడి గొయ్యి అడుగున ఇసుక పరుపు ఎంత మందం వెయ్యాలి, ఏ గట్టు వైపు నీరు ముందు ఊరుతుంది అనేవి మాత్రం ఈ నేల మీద చెప్పులరిగితేనే తెలుస్తాయి.

కలిపే తొట్టిని గమనించండి; చిన్నదే, కానీ దాంట్లో ఓ కిటుకు ఉంది. దాని అడుగు గొట్టం వైపు వాలుగా ఉంటుందని అనుకుంటాం. సరైన మేస్త్రీ దానికి ఎదురు వాలు పెడతాడు. పేడతో వచ్చే ఇసుక, గులకరాళ్ళు గొట్టంలోకి పోకుండా వెనక్కి జారి అక్కడే ఆగిపోతాయి. పేడ కలిపాక గొట్టానికున్న బిరడా తీస్తే నీళ్ళపేడ దిగిపోతుంది, ఇసుక మిగిలిపోతుంది. ఇసుక ఒకసారి కడుపులోకి పోతే మళ్ళీ రాదు. పదేళ్ళలో తొట్టి సగానికి నిండి, గ్యాసు ఎందుకు తగ్గిందో తెలియక ఇంటివాళ్ళు పశువుల మేతని తిట్టుకుంటారు.

ఇక ఆ తొట్టి దగ్గర పని ఎవరిదో చెప్పక్కర్లేదు. ఉదయం కళ్ళాపి చల్లాక, గొబ్బెమ్మలకీ పిడకలకీ కావాల్సింది తీసి పక్కన పెట్టి, మిగిలిన పేడలో చెయ్యి పెట్టి కలిపే ఆడమనిషి లేకపోతే ఆ గోళం ఎంత బాగా కట్టినా శవమే. పేడ ఎంతో నీళ్ళు అంత. దోసెల పిండి జారుడు రావాలి. చిక్కనైతే లోపల కదలదు, పల్చనైతే పీచు ఒకవైపు నీరు ఒకవైపు విడిపోతుంది. చేతితో కలుపుతూనే గడ్డిపోచలు ఏరిపారేస్తుంది. గడ్డి తేలి తెట్టు కడుతుంది కనక. ఆమెకి ఈ లెక్క ఎవరూ నేర్పలేదు. కుడితి కలిపిన చేతికి అది తెలుసు.

దీనబంధు పని చేస్తోందో లేదో చూడడానికి డ్రమ్ము లేదు. కానీ చూడడం తెలిసినవాళ్ళకి గోళం ఊపిరి తీయడం కనబడుతుంది. రాత్రంతా గ్యాసు పేరుకుంటూ లోపలి పేడనీళ్ళని కిందికి నొక్కుతుంది. అవి బయటికెళ్ళే గదిలోకి లేస్తాయి. పొద్దున పొయ్యి వెలిగించగానే ఆ గదిలో మట్టం మెల్లగా దిగుతుంది. అన్నం ఉడికే సరికి జానెడు దిగుతుంది. మధ్యాహ్నం మళ్ళీ పైకి. ఒక్క కదిలే భాగం లేదు, ఒక్క మర లేదు, అయినా రోజుకు రెండుసార్లు ఊపిరి తీసి వదులుతుంది. నడుస్తున్న ప్లాంటు ఒకదాని గట్టు మీద కూర్చుని అరగంట చూశాను. ఆ ఇంటావిడకి నేను వెర్రివాడిలా కనిపించి ఉంటాను. "కాఫీ తాగండి బాబూ, అది ఎక్కడికీ పోదు" అంది.

పొయ్యి దగ్గర మంట నీలం. పట్టపగలైతే కనిపించదు కూడా. వేడి తగిలితేనే ఉందని తెలుస్తుంది. గిన్నెకి మసి పట్టదు. ఒక్కోసారి మంట గుడగుడలాడుతుంది. అది పొయ్యి తప్పు కాదు. గ్యాసులోని తేమ గొట్టంలో నీరై పల్లంలో నిలిచిపోతుంది. గొట్టం వేసేటప్పుడే అంతా ఒక పక్కకి వాలుగా వేసి, చివర్న నీరు వదిలే కొళాయి పెడితే, వారానికోసారి తిప్పితే సరిపోతుంది. గొట్టం వాలు చూసి వేసిన మేస్త్రీని ఆ ఇల్లాలు పేరు తలుచుకోకుండానే రోజూ దీవిస్తుంది.

బయటికొచ్చే స్లర్రీ మీద కొల్లేటి వైపు రైతుకి వేరే ఆసక్తి ఉంది. చేపల చెరువు. బొచ్చె, శీలావతి పెంచే చెరువులో నీటి మీద నాచు పుట్టాలంటే ఎరువు కావాలి. పచ్చి పేడగానీ కోళ్ళపెంటగానీ నేరుగా పోస్తే అది చెరువులోనే కుళ్ళి నీటిలోని ప్రాణవాయువుని తినేస్తుంది; మబ్బు పట్టిన రోజు తెల్లవారేసరికి చేపలు నీటి మీద నోళ్ళు తెరుస్తాయి. గోళంలో ముందే కుళ్ళిన స్లర్రీలో ఆ కుళ్ళు పని చాలావరకు అయిపోయి ఉంటుంది, నత్రజని మాత్రం మిగిలే ఉంటుంది. అందుకని అది చెరువుకి సుళువు. గోళం అనేది గ్యాసు తీసే యంత్రమే కాదు, చెరువులో పడాల్సిన కుళ్ళుని ముందే మట్టి కింద ముగించే చోటు కూడా.

గుర్రపుడెక్క సంగతి చాలామంది అడుగుతారు. కొల్లేటి నిండా అదే కదా, గ్యాసు చేయకూడదా అని. చేయొచ్చు. కానీ అందులో నూటికి తొంభై పాళ్ళు పైగా నీరే. కోసి, తెచ్చి, తరిగి వేస్తే మిగిలేది కొంచెం. పైగా ముక్కలు తేలతాయి. దీనబంధుకి అది నచ్చదు. పేడలో కాసింత కలిపితే ఒప్పుకుంటుంది. కోళ్ళపెంట దీనికి ఎదురు: నత్రజని మరీ ఎక్కువై లోపల అమ్మోనియా పేరుకుని చివరి జట్టుని చంపేస్తుంది. రెంటి మధ్యనా పేడే మంచిది. ఈ గోళం గేదె కడుపుకి నకలు. గేదె తినగలిగినదే దానికీ అరుగుతుంది.

పెద్ద యంత్రాల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అక్కడ పనితనం వేరే రకం. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో కుళ్ళిన ఉల్లి వాసన ఆ దారిన పోయినవాళ్ళెవరూ మర్చిపోరు. ఉల్లి కడుపులో తొందరగా పుల్లబడుతుంది, గంధకం ఎక్కువ. పశువులకి ఎక్కువ పెట్టకూడదు. అమెరికాలో కాలిఫోర్నియాలోని గిల్స్ ఆనియన్స్ అనే సంస్థ 2009లో దీనికొక దారి చూపింది. తొక్కలు, ముక్కలు పిండి రసాన్ని మాత్రమే మీథేన్ తొట్టిలోకి పంపి, ఆ గ్యాసుతో 600 కిలోవాట్ల ఇంధన ఘటాలు నడిపారు. పిప్పి పశువుల దాణా. గూడెంలో ఎవరైనా పూనుకుంటే ముందు చూడాల్సింది అదే.

మన దగ్గరికొస్తే, హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్లో ప్లాంటు ఉంది. సి.ఎస్.ఐ.ఆర్. వారి ఐ.ఐ.సి.టి. అనే పరిశోధనా సంస్థలో శాస్త్రవేత్త ఎ. గంగాగ్నిరావు బృందం రూపొందించిన పద్ధతి అది. రోజుకు 10 టన్నుల దాకా కుళ్ళిన కూరగాయల నించి 500 యూనిట్ల దాకా కరెంటు, 30 కిలోల దాకా వంటగ్యాసు. 2021 జనవరి మన్ కీ బాత్‌లో ప్రధాని ప్రస్తావించాక అందరికీ తెలిసింది. నాకు నచ్చినది అంకెలు కాదు. ఆ తొట్టిలో కవ్వం లేదు. పుట్టిన గ్యాసునే మళ్ళీ అడుగు నించి వదిలితే, అది పైకి లేస్తూ మేతని తనే చిలుకుతుంది. తిరిగే కవ్వం ఉంటే అరుగుతుంది, విరుగుతుంది, తీసి బాగుచెయ్యాలంటే తొట్టి తెరవాలి. దాన్ని తీసేయగలగడమే పనితనం. కొల్లేటి మేస్త్రీకీ ఈ ఇంజనీర్లకీ ఒకే బుద్ధి పుట్టింది.

పెదవేగిలో, ఒకప్పటి వేంగిలో, ఇప్పుడు ఆయిల్‌పామ్ పరిశోధనా సంస్థ ఉంది. పక్కనే గెలల నూనె మిల్లు. గెల నించి నూనె తీశాక వచ్చే వేడి నీళ్ళల్లో పిండి, నూనె జిడ్డు మిగిలి ఉంటాయి. వాటిని తెరిచిన గుంటల్లో వదిలితే మీథేన్ గాలిలో కలుస్తుంది. పైన కప్పి పట్టుకుంటే ఇంధనం. మలేసియా మిల్లులు ఎప్పుడో మొదలెట్టాయి. ఇక 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో రిలయన్స్ పెద్ద బయోగ్యాస్ ప్లాంటుకి శంకుస్థాపన జరిగింది. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి దాన్నే మేతగా వేసే ఆలోచన. అలాంటివి వస్తే మంచిదే. కానీ దొడ్లో నాలుగు గేదెలున్న ఇంటికి అవి పొయ్యి వెలిగించవు.

మరి అంత తెలివైన దీనబంధులు మన ఊళ్ళలో ఎన్ని బతికున్నాయి? ఏ ఊరికెళ్ళినా మూతపడ్డవి కనిపిస్తాయి. నా స్నేహితుడి ఇంట్లో కట్టిన దానికి ఓ గుత్తేదారు నాలుగు రోజుల్లో గోళం మూసి, పూత ఒక్క చేతితో ముగించి, బోర్డు పెట్టి ఫొటో తీయించుకుని వెళ్ళిపోయాడు. మొదటి నెల గ్యాసు వచ్చింది, రెండో నెల రాలేదు. తప్పు పేడది అన్నారు. సబ్సిడీ లెక్క కట్టే పద్ధతే అలాంటిది. కట్టిన ప్లాంటుకి డబ్బు, ఊపిరి నిలిచిన ప్లాంటుకి కాదు. ఒకరోజంతా గోళంలో మెడ వాల్చి పూత పూసిన మేస్త్రీకీ, గంటలో ముగించినవాడికీ ఒకే కూలి. దీనబంధు ఓడిపోయింది సైన్సులో కాదు, కూలి లెక్కలో. కట్టినదాంట్లో గ్యాసు నిలిచిందో లేదో ఏడాది తరవాత చూసి మేస్త్రీకి ఇంకొంత ఇచ్చే పద్ధతి పెట్టి ఉంటే, ఈ ప్రాంతంలో ఆ గోళాలు కట్టే చేతులు ఇంత తొందరగా తగ్గేవి కావని నా నమ్మకం.

నేను చూసిన గోళం ఆ సాయంత్రానికి మూసుకుంది. చివరి వరస కలవగానే మేస్త్రీ కొక్కేలన్నీ తీసి గోనెసంచిలో వేసుకున్నాడు. నిజంగానే ఏమీ పడలేదు.

మీ పెరట్లో పాత గోళం ఒకటి పాడుపడి ఉంటే, కప్పెట్టే ముందు ఒక పని చేయండి. లోపలికి మాత్రం ఎవరూ దిగొద్దు. ఖాళీగా ఉందనిపించినా లోపలి గాలి ప్రాణం తీస్తుంది. దీపం అసలే దగ్గరికి తీసుకెళ్ళొద్దు. మామూలుగా పేడనీళ్ళు నింపి, కాస్త గ్యాసు పేరుకున్నాక కొళాయి కట్టేసి, బయటి గదిలో మట్టం దగ్గర సుద్దతో గీత పెట్టండి. సబ్బు నురగ తీసుకుని నెత్తిన గొట్టం చుట్టూ, కొళాయి అతుకుల దగ్గర రాయండి. బుడగ వస్తే అదే రోగం. దానికి వందల రూపాయల్లో వైద్యం ఉంది. బుడగ ఎక్కడా రాకుండా తెల్లారేసరికి గీత కిందికి మట్టం దిగిపోతే, గోళానికే బీట పడిందన్నమాట. అప్పుడు మీ ఊరి ముసలి తాపీ మేస్త్రీల్లో ఎవరు ఒకప్పుడు ఇవి కట్టారో కనుక్కుని, ఆయన్ని పిలిపించి, తాపీ పిడితో ఒకసారి కొట్టి వినమనండి.